మేళం ఇంటి ఫిడేలు

ఆదివారం పొద్దున ఉల్లిగడ్డలు కోద్దామంటే పాత పేపరు దొరకలేదు. ఆ రోజు పేపరే తీసి పరిచాను. లోపలి పేజీ, సగం పేజీకి పెద్ద ఫోటో. అందులో నలుగురు పిల్లలు. ముగ్గురి చేతుల్లో వయొలిన్లు, ఒకడి చేతిలో దానికంటే కొంచెం పెద్దది, వయోలా. నలుగురూ మా నిజామాబాద్ జిల్లా పిల్లలే. మా ఇంటి గోడ అవతల నేర్చుకున్న పిల్లలే.

ఫోటో కింద ఒక సంగీత విమర్శకుడి వ్యాసం. కత్తిపీట పక్కకు జరిపి చదివాను. మృదంగం లేకుండా నాలుగు తీగల వాద్యాలతోనే కచేరీ నడపడం సాహసమట. సభ వైపు కాకుండా నలుగురూ ఎదురెదురుగా కూర్చోవడం కొత్త ఆలోచనట. ఎవరూ సైగ చెయ్యకుండానే నాలుగు కమానులు ఒక్క క్షణంలో తీగల మీద పడడం ఆయనకు అంతుపట్టలేదట. తోడి రాగం ఎత్తుకున్న తీరులో సన్నాయి ఊపిరి వినిపించిందట, అది ఆ పిల్లల సొంత పరిశోధనట. ఇంత చిన్న వయసులో ఇంత పరిణతి తాను చూడలేదని ముగించాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిగడ్డల వల్ల అనుకుంటే అనుకోండి.

ఆయనకు అంతుపట్టనిది నాకు పట్టింది. నాకేం సంగీతం రాదు. ప్రైమరీ స్కూల్లో పిల్లలకు ఎక్కాలు చెప్పి రిటైరైన మనిషిని. కానీ ఆ పిల్లలకు నేర్పినామెది, మాది ఒకటే గోడ. ఆ గోడకు అవతల జరిగిందంతా ఏళ్ళ తరబడి నా చెవిన పడుతూనే ఉంది.

ఆమె పేరు నేనిక్కడ రాయను. ఆ పేరు చెప్పాల్సిన నోళ్ళు నాలుగు ఉన్నాయి. అవి చెప్పలేదు. నేను రాస్తే ఎవరికి లెక్క? గల్లీలో అందరం ఫిడేలక్క అనేవాళ్ళం. ఇక్కడా అదే చాలు.

పొట్టి మనిషి. నల్లగా, గట్టిగా, ముక్కుకు పెద్ద ముక్కుపుల్లతో ఉండేది. నడిస్తే గల్లీ నడిమిట్ల నడిచేది, ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ చివరికి తనే పక్కకు తీసుకునేవాడు. వినయం అనే వస్తువు ఆమె ఇంట్లో వెతికినా దొరికేది కాదు. ఎవరైనా "ఎంత మంచిగ వాయిస్తవక్కా" అంటే "తెల్సు" అనేది. అంతే. నవ్వు కూడా ఉండేది కాదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత అలవాటైంది.

మా గల్లీ చివర గిర్ని ఉంది. పిండి పట్టే గిర్ని. ఒకరోజు పోయి గిర్నాయన మీద పడింది. "నీ మోటర్ ఆగేటప్పుడు నిషాదంల ఆగుతున్నది. ఒక్క మెట్టు పైకెక్కి షడ్జమంల ఆగితె నీ సొమ్మేం పోతది? దినాం నా పిల్లల చెవులు ఖరాబ్ అయితున్నయ్." గిర్నాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆమె మల్ల వస్తుందేమోనన్న భయానికి బెల్టు మార్పించాడు. ఆ తర్వాత మోటరు ఏ స్వరంలో ఆగిందో నాకు తెలియదు. ఆమె మాత్రం ఆయన కనబడినప్పుడల్లా తల ఊపి మెచ్చుకునేది.

ఆమె బతుకుతెరువు బీడీలు. మా దగ్గర ఇంటింటికీ ఉన్నదే. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన దారపుండ, చేతిలో కత్తెర. పిల్లలు పాఠం వాయిస్తుంటే ఆమె ఆకు కత్తిరిస్తూ వినేది. కిచ్ కిచ్ మని కత్తెర చప్పుడు నడుస్తున్నంతసేపూ అంతా బాగున్నట్టు. ఎవరి శ్రుతైనా తప్పితే కత్తెర ఆగేది. ఆమె నోరు తెరిచేది కాదు, తల ఎత్తేది కాదు. కత్తెర ఆగిందంటే నలుగురూ ఆగిపోయి, తప్పు ఎవరిదో వాళ్ళే తేల్చుకుని, మల్ల మొదటి నుంచి ఎత్తుకునేవాళ్ళు. గోడ ఇవతల నేను కూడా ఆ కత్తెర ఆగితే కూర కలపడం ఆపేదాన్ని.

ఎదురెదురుగా ఎందుకు కూర్చునేవాళ్ళంటే ఆ గది అంత ఇరుకు. నలుగురూ ఒక వరసలో కూర్చుంటే ఒకడి కమాను ఇంకొకడి కంట్లో పొడుచుకునేది. అందుకని చాటకు నాలుగు పక్కలా నలుగురిని కూర్చోబెట్టింది. మృదంగం ఎందుకు లేదంటే, ఆ ఇంట్లో తాళానికి ఉన్నది ఆమె తమ్ముడి డోలు ఒక్కటే. లగ్గాల కాలంలో ఆ డోలు ఇంట్లో ఉండేది కాదు. బోధన్ అవతల మరాఠీవాళ్ళ పెళ్ళిళ్ళకు కూడా పోయేది. "డోలు పెండ్లికి పోయింది బిడ్డా, తాళం మీ కడుపుల పెట్టుకోండ్రి" అనేది. అదీ ఆ విమర్శకుడి సాహసం, కొత్త ఆలోచన.

ఇక కమానులు ఒక్క క్షణంలో పడటం సంగతి. ఫిడేలక్కది మేళం ఇల్లు. వాళ్ళ బాపు పొద్దున ఊళ్ళో గడ్డాలు గీసేవాడు, లగ్గమైతే సన్నాయి ఊదేవాడు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పంతులు వేలు లేపి గట్టిమేళం అంటాడు కదా. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఊదితే ఆలస్యమైనట్టేనని వాళ్ళ బాపు చెప్పేవాడట. మాట కంటే ముందు వేలు లేస్తుంది, వేలు కంటే ముందు భుజం కదులుతుంది, భుజం కంటే ముందు మనిషి ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరి దగ్గర పట్టుకోవాలి. అదే ఆమె ఈ నలుగురికీ నేర్పింది. మొదట బీడీ చుట్టే వేలు కొంచెం లేపేది. తర్వాత వేలు మానేసి భుజం. చివరికి ఏమీ లేదు, నలుగురూ ఒకరి ఊపిరి ఒకరు చూసుకుని మొదలుపెట్టేవాళ్ళు.

ఆమెకు సన్నాయి నేర్పలేదు వాళ్ళ బాపు. ఆడపిల్ల పెళ్ళి పందిట్లో కూర్చుని ఊదొద్దన్నాడు. హరికథలవాళ్ళ దగ్గర పాత ఫిడేలు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. కమాను పట్టడం, వేళ్ళు పెట్టడం ఆ హరికథలాయనే చూపించాడు. మిగిలినదంతా బాపు సన్నాయి వినుకుంటూ తీగ మీదికి తెచ్చుకుంది. అందుకే ఆమె వాయిస్తుంటే మధ్యలో ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేది. ఎవరు నేర్పారని అడిగితే "మా బాపు" అనేది. ఫిడేలు పట్టడమే తెలియని మనిషి పేరు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి స్వరం పలికించే ముందు నేలను తాకి, నేర్పినవాళ్ళ పేరు, వాళ్ళకు నేర్పినవాళ్ళ పేరు పైకి చెప్పాలి. పందిట్లో జనం వినకపోయినా సరే. పాఠానికి వచ్చిన ప్రతి పిల్ల, పిల్లగాడూ చెప్పాల్సిందే. ఆమె పేరు, ఆమె బాపు పేరు, ఆయన బాపు పేరు. గోడ ఇవతల నాకూ కంఠతా వచ్చేసింది.

నలుగురిలో ఇద్దరు బోధన్ అన్నదమ్ములు. చెరుకు వదిలేసి వరికి మళ్ళిన రైతు కొడుకులు, తీరిక లేక వాళ్ళ తండ్రి ఎప్పుడూ ట్రాక్టరు మీదే ఉండేవాడు. వయోలా పిల్లగాడిది నవీపేట్. వీళ్ళందరి కంటే పెద్దది, ముందు వచ్చింది, శ్రావణి. ముప్కాల్ దగ్గర పసుపు పండించే పెద్ద రైతు బిడ్డ. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏదో లగ్గమైతే ఆ పిల్ల అన్నానికి లేవకుండా మేళం పక్కనే కూర్చుందట. బువ్వ తినిపించడానికి తల్లి వచ్చి ఎత్తుకుపోతే మల్ల వచ్చి కూర్చుందట. ఆ రోజు మేళంతోపాటు శ్రుతిపెట్టె పట్టుకుని ఫిడేలక్క కూడా ఆ పెళ్ళికి పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు పిల్ల పోరు పడలేక వాళ్ళ బాపు మా గల్లీకి తోలుకొచ్చాడు. మేమందరం ఆయన్ని పటేల్ అనేవాళ్ళం.

"నేర్పు అక్కా, గని ఒక్క షరతు," అన్నాడు. "నా బిడ్డ మేళంల కూసొని పెండ్లిండ్లల్ల వాయించొద్దు."

"సరే పటేలా. నాకు గూడ ఒక షరతున్నది," అంది ఆమె. "ఇది ఎక్కడ కూసొని వాయించినా ముందుగాల నా పేరు చెప్పాలె. నాది, మా బాపుది."

పటేల్ నవ్వాడు. "గంతేనా? చెప్తది తియ్యి. మాటిస్తున్న."

ఆ మాట ఇచ్చినప్పుడు పిల్ల చెయ్యి ఇంకా కమాను కంటే చిన్నది. పేరు చెప్పాల్సిన రోజు ఒకటి నిజంగా వస్తుందని పటేల్ అనుకుని ఉండడు. ఆమె అనుకుంది. ఆ ఒక్కటే అనుకుంది జీవితంలో. పెళ్ళి నిలవలేదు, పిల్లల్లేరు. ఆమెను ఒక్క కచేరీకి పిలిచిన సభ లేదు. "నేను పోయినంక మా బాపు పేరు ఎవలు చెప్తరు టీచరమ్మా? మా తమ్ముడు డోలు కొడ్తడు గని నోరు లేదు వానికి. గీ నలుగురే చెప్పాలె" అని నాతో ఎన్నోసార్లు అంది.

పిల్లలు పెరిగారు. హైదరాబాదులో ఒక పోటీలో గెలిచారు. అక్కడొక పెద్ద విద్వాంసుడు వీళ్ళని చూసి దగ్గరికి తీసుకున్నాడు. కొన్ని నెలలు మెరుగు పెట్టాడు. బట్టలు, కూర్చునే తీరు, సభలో మాట్లాడే తీరు. ఆయన్ను నేనేం అనను. ఇంటికి సున్నం వేసినవాణ్ణి ఇల్లు కట్టినవాడివి నువ్వేనంటే కాదనడం అందరికీ చేతకాదు.

ఒక మధ్యాహ్నం పటేల్ ఒక్కడే వచ్చాడు. నేను ఆమెకు చాయ్ ఇద్దామని పోయి గుమ్మంలో ఉన్నాను. ఆయన మంచం మీద కూర్చున్నాడు, ఆమె కింద చాట ముందు.

"అక్కా, పిల్లలు మంచిగ పైకొస్తున్నరు. గదంత నీ చలవనే. నేను కాదన."

"తెల్సు."

"గని పట్నం సంగతి వేరే ఉంటది. గురువు ఎవలు, ఏ సంప్రదాయం అని అడుగుతరు. గా పెద్దాయన పేరు చెప్తె లేసి కుర్సీ ఏస్తున్నరు. నీ పేరు చెప్తె..."

"చెప్తె?"

"నీ పేరెనుక మీ బాపు పేరు చెప్పాలె. మీ బాపు ఏం జేస్తుండె అని అడుగుతరు."

"సన్నాయి ఊదుతుండె. నీ లగ్గంల ఊదింది ఎవలనుకున్నవ్ పటేలా? నీ పెండ్లానికి పుస్తె గట్టిన్నాడు గట్టిమేళం మా బాపుదే."

"గది నాకెర్కనే. పొద్దుగాల కత్తి వట్టిన సంగతి గూడ ఊరందరికి ఎర్కనే గద."

కత్తెర ఆగింది.

పటేల్‌కు ఆ కత్తెర సంగతి తెలియదు. చెప్పుకుంటూ పోయాడు. పేపర్లవాళ్ళు గురువుది ఏ ఇల్లని అడుగుతారని, రేపు పిల్ల సంబంధాల దగ్గర కూడా ఈ మాట వస్తుందని, తనకేం పట్టింపు లేదు కానీ లోకం అట్లా ఉందని. తనకేం పట్టింపు లేదనే మనిషే ఎప్పుడూ ఇట్లాంటి కబురు మోసుకొస్తాడు.

"మా బాపు కత్తి వట్టిండు. నీ గడ్డం గూడ గీసిండు. అండ్ల తప్పేంది?" అంది ఆమె. "నువ్వు నాకు మాటిచ్చినవ్."

"ఇచ్చిన. ఇప్పుడు వాపస్ అడుగుతున్న. నా బిడ్డ బతుకు అక్కా."

ఆమె ఆకు ఒకటి తీసి, కత్తిరించకుండా మడిచి, మల్ల విప్పింది. "నేను వాపస్ ఇయ్య. చెప్పుడు చెప్పకపోవుడు మీ ఇష్టం. మాట మాత్రం నీకు వాపస్ రాదు, పో."

ఆయన లేచి దండం పెట్టి పోయాడు. దండం ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. నేను తిట్లు అందుకుంటే ఆమె నన్నే కసిరింది. "ఊకో. పటేల్ ఏమన్న అననీ. పోరి చెప్తది. పొద్దుగాల్ల లేసి నా మొకం సూసుకుంట పెరిగింది, చెప్పక యాడికి పోతది?"

నిజామాబాదులో సన్మాన సభ పెట్టారు. బోధన్ రోడ్డులో ఫంక్షన్ హాలు. మాకు, టీచర్లకు కార్డులు వచ్చాయి. ఆమెకు రాలేదు. వచ్చింది ఆమె తమ్ముడికి. కార్డు కాదు, ఫోను. పిల్లలు కారు దిగే వేళకు గేటు దగ్గర సన్నాయి మేళం ఉండాలని. తమ్ముడు రానని చెప్పేద్దామనుకున్నాడు. నోరు లేని మనిషి కూడా ఆ రోజు "నాకు శరమైతుందక్కా" అని తల దించుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"పిలిస్తె పోవాలె. మన ఇండ్ల మేళం ఎన్నడన్న రానన్నదా? నడువు, నేను గూడ వస్త."

సభ రోజు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, గేటు దగ్గర మేళం జంపఖానా మీద శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కార్డు మీద లోపలికి రమ్మని చెయ్యి పట్టి లాగాను. రాలేదు.

"లోపట ఎనుక కుర్సీలల్ల కూసుంటె స్టేజి కాడికి పోవుడు కష్టమైతది. పేరు పిలిస్తె దబ్బున పోవాలె గద. ఈడనే నయం."

ఆ మాట ఆమె అన్నప్పుడు నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

కారు వచ్చింది. సన్నాయి ఎత్తుకున్నారు. నలుగురూ దిగారు, దండలు పడ్డాయి. మగపిల్లలు ముగ్గురూ జనంలో కొట్టుకుపోయారు. శ్రావణి మాత్రం గేటు దగ్గర ఆగింది. చూసింది. ఆకుపచ్చ చీరను చూసింది. ఒక అడుగు ఇటు వేసిందని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. వెనక ఎవరో "నడువమ్మా, మంత్రిగారు వచ్చే టైమైంది" అన్నారు. ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తి మేళం మొత్తానికి ఒక నమస్కారం పెట్టి లోపలికి పోయింది. డోలుకు, సన్నాయికి, జంపఖానాకు, అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

కచేరీ అయ్యాక మైకు పట్టుకున్నమ్మాయి అడిగింది, మీ గురువు గురించి చెప్పండి అని. శ్రావణి మైకు అందుకుంది. హైదరాబాదు విద్వాంసుడి పేరు చెప్పింది. చప్పట్లు. ఆగింది. ఆ ఆగడంలో నేను కుర్చీ అంచుకు వచ్చేశాను. "అలాగే మా ప్రాంతపు జానపద కళాకారుల నుంచి కూడా ఎంతో స్ఫూర్తి పొందామండీ," అంది. మల్ల చప్పట్లు. మా ముప్కాల్ పిల్ల నోట ఆ "అండీ" విని కుర్చీలోంచి లేచాను.

బయటికి పరుగెత్తాను. లౌడ్ స్పీకర్లు గేటుకే కట్టి ఉన్నాయి. ఒక్క ముక్క పోకుండా వినిపించి ఉంటుంది. ఆమె శ్రుతిపెట్టె కూడా ఆపలేదు, అది మోగుతూనే ఉంది.

"ఇన్నవా టీచరమ్మా? జానపదమట," అంది. "తెల్లారేదాక ఒక్క తోడి ఊదినోడు మా బాపు. ఆయన జానపదమా? బాపు ఉంటె చెప్పు తీసుకొని కొడుతుండె."

అన్నాలకు రమ్మన్నారు. మేళంవాళ్ళకు పక్కన షెడ్డులో, అందరూ తిన్నాక. తిండి అంటే ప్రాణం పెట్టే మనిషి, మటన్ ముక్క తక్కువైతే వంటవాణ్ణి నిలబెట్టి అడిగే మనిషి, ఆకలి లేదని లేచి నడిచింది. నేను వెనకే పోయాను.

ఆ తర్వాత కూడా ఫోన్లో వాళ్ళ వీడియోలు నాతో పెట్టించుకుని చూసేది. మెచ్చుకునేది కాదు. "నవీపేటోని శ్రుతి దిగింది, సూడు. ఎవలు చెప్పకపాయిరి?" అని గొణిగేది. నాకు విసుగొచ్చి ఫోను లాక్కునేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గల్లీ మొదట్లో కారు ఆగింది. ముఖానికి స్కార్ఫు చుట్టుకున్న పిల్ల ఒకతె భుజాన వయొలిన్ పెట్టెతో వచ్చి పక్కింట్లో దూరింది. తలుపు మూసిన చప్పుడైంది. కాసేపటికి గోడ అవతల శ్రావణి గొంతు. చెన్నైలో పెద్ద సభ ఉందట. తోడి వాయించాలట. హైదరాబాదు పెద్దాయన చెప్పింది చేస్తే రాగం వస్తోంది కానీ ఊపిరి రావడం లేదట.

"పేర్లు చెప్పు ముందుగాల," అంది ఫిడేలక్క.

పిల్ల చెప్పింది. ఆమె పేరు, ఆమె బాపు పేరు, ఆయన బాపు పేరు. ఒక్క అక్షరం తడబడకుండా. మరిచిపోయిందేమో అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. మరిచిపోలేదు.

"గట్ల గాదు. తలుపు తెర్సి చెప్పు."

"అక్కా, బాపు బయటున్నడు. డ్రైవరున్నడు."

"అందుకే తెర్వుమంటున్న."

పిల్ల ఏడ్చింది. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను, సిగ్గేం లేదు. తలుపు చప్పుడు కోసం ఎంతసేపు చూశానో. అది రాలేదు. చివరికి ఫిడేలు మోగింది. పిల్లది కాదు, ఆమెది. ఆమె నేర్పడం మొదలుపెట్టింది. పొద్దు గుంకేదాకా నేర్పింది. స్వరం వదిలే ఒక్క చోటే పదిసార్లు వాయించి, మల్ల పిల్లతో వాయించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ బిగబట్టాలో, దాచుకోకుండా మొత్తం ఇచ్చేసింది. ఈ ఆదివారం పేపర్లో ఆ విమర్శకుడు పరిశోధన అన్నది ఆ మధ్యాహ్నాన్నే.

కారు పోగానే నేను పోయి అడిగాను. "నీకు బుద్ధి ఉందా అక్కా? తలుపు కూడా తెరవనిదానికి ఎందుకు నేర్పినవ్?"

ఆమె చాట ముందర పెట్టుకుంది. "నేర్పకపోతె తోడిని ఖరాబ్ చేస్తది. ఖరాబైన తోడి ఇనుడు నాతోని గాదు." కత్తెర చేతిలోకి తీసుకుని, నా మొహం చూడకుండా అంది. "పేరు ఎట్లైన రాకపాయె టీచరమ్మా. చెయ్యన్న నాది ఉండనీ."

తంబాకు ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఆమెకు దగ్గు ముదిరింది. ఆస్పత్రికి తీసుకుపోయి తీసుకొచ్చాం. ఆ చలికాలం దాటలేదు. తమ్ముడు నలుగురికీ ఫోన్లు చేశాడు. ముగ్గురు మగపిల్లలు ఎక్కడో దూరంగా ఉన్నారట, రాలేమన్నారు. శ్రావణి వచ్చింది, వాళ్ళ బాపుతో. తెల్ల చున్నీ తల మీద కప్పుకుని వచ్చి, కాళ్ళకు దండం పెట్టి, మాతోపాటు గోడ పక్కన నిలబడింది. పేపర్లలో, టీవీలో చూసిన మొహం కదా, గల్లీ పోరగాళ్ళు గుర్తు పట్టారు. శవం ఇంకా లేవలేదు, ఫోన్లు మాత్రం లేచాయి. ఎక్కడ చూసినా చేతులెత్తి వీడియోలు తీస్తున్నారు.

పాడె లేపే ముందు మేళం ఆగింది. తమ్ముడు లోపలికి పోయి మేకుకు వేలాడుతున్న ఆమె ఫిడేలు, కమాను తీసుకొచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు. నోరు లేని ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"మా ఇండ్ల పద్ధతి. మనిషి కంటె ముందు ఆమె వాద్యం నడువాలె. పట్టేది శిష్యులే. శిష్యులు ఎవలన్న ఉంటె ముందటికి రాండ్రి."

అందరి తలలూ ఆ పిల్ల వైపు తిరిగాయి. పోరగాళ్ళ ఫోన్లు కూడా తిరిగాయి. నా పక్కనే పటేల్ ఉన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంగి కూతురి చెవి దగ్గర మెల్లగా "పో బిడ్డా" అన్నాడు. నేను విన్నాను. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం పోయింది.

పిల్ల ఫోన్ల వంక చూసింది. చున్నీ కొంచెం ముందుకు లాక్కుంది. కదల్లేదు.

తండ్రి వద్దన్నప్పుడు తండ్రి మాట విన్నదనుకున్నాం. ఇప్పుడు తండ్రే పొమ్మంటున్నాడు. ఇంక ఎవరి మాట వింటోందో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన దాన్ని, పిల్లల్ని కొట్టడం నాకు చేతకాదు. ఆ రోజు చెయ్యి లేచింది, దించుకున్నాను.

"శిష్యులు ఎవలన్న ఉన్నరా?" అని మల్ల అడిగాడు తమ్ముడు. ఎత్తిపట్టుకున్న ఫిడేలు ఆయన చేతుల్లోంచి జారుతోంది. అది కింద పడుతుందేమోనని భయమేసింది నాకు. పోయి అందుకున్నాను. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఆయనే మెడ దగ్గర నా వేళ్ళు సర్ది, రెండో చేతికి కమాను ఇచ్చాడు. స రి గ మ లు రాని ముసలి టీచరును. మేళం ఎత్తుకున్నారు. వెనక పాడె లేచింది.

గల్లీ ఇరుకు. గోడ పక్కన నిలబడ్డ శ్రావణి ముందు నుంచే పోవాలి. ఆ పిల్ల నన్ను చూసింది, నా చేతుల్లో ఉన్నదాన్ని చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని, నేను పోవడానికి దారి ఇచ్చింది.